నల్లకుంట ఇంటి సంతకాలు

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఆలస్యానికి ఎంతైనా తిట్టుకో, చదవడం మాత్రం మధ్యలో ఆపకు. కాలేజీలో ఇంటర్నల్స్, చిన్నదానికి జ్వరం, మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయి ట్యాంకర్ల వెంట పరుగులు, అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. ఇప్పుడు అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. మీ చెల్లెమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది, రాశాను. క్షేమ సమాచారాలు ఇంతటితో సరి.

అసలు సంగతి. నల్లకుంట ఇల్లు పడగొడుతున్నారురా. అదే ఇల్లు. జామచెట్టు, వెనక బావి, మనం ఇంటర్ పరీక్షలకి రాత్రిళ్లు చదివిన డాబా, అన్నీ పోతాయి. (మూడో కొమ్మ సంగతి పెద్దమావయ్యకి ఇప్పటికీ తెలీదు. చెట్టుతోపాటే పోతుందిలే.) మూడు వందల గజాలు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నారు, ఫిఫ్టీ ఫిఫ్టీ. ఎనిమిది ఫ్లాట్లలో మనవాళ్లకి నాలుగు. ఇల్లు పోతోందని బెంగ లేదనను, ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు. కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు. కాగితాల మీద సంతకాల దగ్గర జరిగింది చూశాక ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడదనిపించింది. నీకు తప్ప ఇంకెవరికి చెప్పను? ఆ ఇంట్లో ప్రతి మనిషీ నీకు తెలుసు.

అమ్మమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు. అందరూ ఊళ్లోనే ఉన్నారు కాబట్టి పని అయిపోతుందని పెద్దమావయ్య బిల్డర్ తాలూకు మనిషిని కూడా రమ్మన్నాడు. హనుమకొండ నుంచి పిన్ని, విజయవాడ నుంచి పెద్దమ్మ, చిన్నమావయ్య, వాళ్లమ్మాయి, మేము. మగవాళ్లం హాల్లో కింద కూర్చుని తింటున్నాం, ఆడవాళ్లు వడ్డిస్తున్నారు, ఎప్పటిలాగే. భోజనాలు అవుతుండగానే మావయ్య ఫైలు తెరిచాడు. ఇద్దరు అన్నదమ్ములకి చెరి రెండు ఫ్లాట్లు. ఆడపిల్లలు ముగ్గురికీ పసుపు కుంకుమల కింద తలా ఐదు లక్షలు. ముగ్గురూ రిలీజ్ డీడ్ మీద, అంటే వాటా వదులుకుంటున్నామనే కాగితం మీద, సంతకం పెడితే బిల్డర్ పని మొదలుపెడతాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సింది ఏదైనా ఉందని కూడా ఎవరికీ తోచలేదు. పెద్దమ్మ అయితే "పెన్ను ఎక్కడుందిరా" అని నన్నే అడిగింది.

ఇక్కడ కాస్త ఆగి నీకు రెండు విషయాలు చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు.

ఒకటి, చట్టం. ఆ స్థలం తాతయ్య రైల్వే జీతంలోంచి కొన్నది, పిత్రార్జితం కాదు. వీలునామా రాయలేదు. అలాంటి ఆస్తిలో కొడుకులకీ కూతుళ్లకీ సమాన వాటా 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురి హక్కు మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, అదీ అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకి. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అంటే నల్లకుంట ఇంటికి 1985 దాకా కూడా రానక్కర్లేదు. తాతయ్య ఆ స్థలం కొన్న రోజుకే చట్టం అక్కడ ఉంది! అయినా అమ్మకి గానీ పెద్దమ్మకి గానీ పిన్నికి గానీ ఆ ఇల్లు తమది కూడా అని ఎవరూ చెప్పలేదు. చట్టం ఇంటి గడప దాకా రావడం ఒకటి, లోపలికి రావడం ఇంకొకటి. వితంతు వివాహాలకి చట్టం 1856లో వస్తే, వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి పెళ్లి చేయించేసరికి 1881 డిసెంబరు అయింది. మధ్యలో ఉన్న పాతికేళ్లూ ఎవరి చేతిలో ఉన్నాయంటావ్? ఇళ్ల చేతిలోనే కదా.

రెండు, పెద్దమావయ్య. ఆయన్ని దుర్మార్గుడిగా ఊహించుకోకు. తాతయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు ఆయనకి పందొమ్మిదేళ్లు. చదువు మానేసి గుమాస్తాగా చేరాడు. ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్లూ ఆయన చేతుల మీదుగానే జరిగాయి, ఆ అప్పులు ఏళ్ల తరబడి తీర్చాడు. పెద్దనాన్న పోయాక పెద్దమ్మ పిల్లల్ని తీసుకుని వస్తే నోరెత్తకుండా రెండేళ్లు ఇంట్లో పెట్టుకున్నాడు. పెద్దమ్మ పెన్ను వెతుక్కోవడం అమాయకత్వం కాదురా. ఆవిడ జీవితంలో ఆ పద్ధతి పనిచేసింది. వాటా వదులుకున్నందుకు అన్నయ్య అండ దొరికింది. బీనా అగర్వాల్ అనే ఆర్థికవేత్త మన దేశంలో ఆడవాళ్లు భూమి మీద హక్కు ఎందుకు వదులుకుంటారని ఏళ్ల తరబడి పరిశీలించి సరిగ్గా ఇదే రాసింది. కష్టం వస్తే పుట్టింటి తలుపు తెరిచి ఉండాలి, అన్నదమ్ములతో చెడకూడదు, అందుకు వాళ్లు కట్టే ధర ఆ వాటా. క్లాసులో ఈ మాట నేను పిల్లలకి ఎప్పుడూ చెబుతుంటాను. మా పెద్దమ్మ కళ్లలో చూసింది ఆ రోజే.

సరే, హాల్లోకి వద్దాం. నేను పెన్ను ఇవ్వలేదు. అమ్మ "ముందు కాగితం చూడనీ" అని ఫైలు తీసుకుంది.

ఆ మొదటి పేజీ నీకు చూపించాలని ఉందిరా. డాక్యుమెంట్ రైటర్ టైపు చేసిన వంశవృక్షం. పైన డబ్బాలో తాతయ్య పేరు, పక్కన అమ్మమ్మ పేరు. కింద రెండు గీతలు. మావయ్యలిద్దరి పేర్లు ఇంటిపేరుతో సహా, పక్కన వయసు, ఉద్యోగం, వాళ్ల పిల్లల పేర్లు, ఏ దేశంలో ఉన్నారో కూడా. పేజీ అడుగున ఒకే ఒక్క లైను: "కుమార్తెలు ముగ్గురు, వివాహితలు." అంతే. పేర్లు లేవు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. వెనక పేజీలో ఉన్నాయేమోనని తిప్పి చూసింది. తెల్లగా ఉంది. మావయ్య జేబులోంచి పెన్ను అడిగి తీసుకుని, ఆ లైను కింద ముగ్గురి పేర్లూ వరసగా రాసింది. ఆవిడ హాజరుపట్టీ అక్షరాలు నీకు గుర్తుండే ఉంటాయి, గుండ్రంగా, ఒత్తులు కూడా స్పష్టంగా. ఒక్క మాట అనలేదు. కాగితం తిరిగి ఇచ్చేసింది.

"ఇదంతా మళ్లీ టైపు చేయించాలా? అయినా తోబుట్టువుల మధ్య ఇవన్నీ ఏమిటే" అన్నాడు మావయ్య. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

అప్పుడు మాట్లాడింది ఎవరనుకున్నావ్? పెద్దత్త! ఇరవై ఏళ్లలో ఆవిడ నోట "ఇంకొంచెం వేసుకో నాయనా" తప్ప నువ్వేమైనా విన్నావా? పెరుగు గిన్నె, గరిటె చేతిలోనే ఉన్నాయి. బిల్డర్ మనిషికి వడ్డించబోతూ ఆగిపోయింది.

"ఏవండీ, మా తెనాలి పొలం ఎకరంన్నర, గుర్తుందా మీకు? నాన్న పోయిన నెల్లోపే నా చేత ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టించారు. మీరే తీసుకెళ్లారు నన్ను. అన్నయ్య ఉన్నన్నాళ్లూ ఏటా సంక్రాంతికి చీర పెట్టాడు, కాదనను. అన్నయ్య పోయాడు. వదిన కొడుకు దగ్గరికి డాలస్ వెళ్లిపోయింది. ఇప్పుడు పుట్టింటికి వెళ్తే గేటుకి తాళం. చీర పెట్టే చెయ్యీ లేదు, పొలమూ లేదు."

ఎవరూ కదల్లేదు. ఆవిడ ఇంకా ఆపలేదు.

"ఆ ఎకరంన్నర నా పేరున ఉండి ఉంటే, ముసలితనంలో అద్దె వస్తుంది, రెండో ఫ్లాటు కావాలని మీరు ఇంత పట్టుబట్టేవారా? అక్కడ నేను వదులుకున్నది ఇక్కడ వదినల దగ్గర తీసుకుంటున్నాం. వీళ్ల అత్తవారిళ్లల్లో వీళ్ల ఆడపడుచుల దగ్గర వీళ్లూ అంతేగా. ఇట్లా ఎన్నాళ్లు?"

శీనూ, నేను ఈ సబ్జెక్టే చెబుతానని నీకు తెలుసు. ఆచారాలు ఎలా పుడతాయి, ఎలా నిలబడతాయి, ఎందుకు మారతాయి అని. పుస్తకాల్లో పేజీల కొద్దీ చదివినది ఆవిడ పెరుగు గరిటె పట్టుకుని నాలుగు వాక్యాల్లో చెప్పింది. ప్రతి ఆడపిల్లా చెల్లెలిగా పోగొట్టుకున్నది భార్యగా వెనక్కి వస్తుంది, అందుకని ఎవరికీ నష్టం కనిపించదు. కానీ వెనక్కి వచ్చింది ఆవిడ పేరున రాదు, మొగుడి పేరున వస్తుంది. మామూలుగా ఆడపడుచు వాటా అడిగితే మొదట మొహం చిట్లించేది ఆ ఇంటి కోడలే. ఇక్కడ కోడలే అడిగింది. నాకు ఒళ్లు జలదరించింది.

మావయ్య మొహం ఎర్రబడింది. "అయితే పెళ్లిళ్ల అప్పులు ఎవరు తీర్చారో ఆ లెక్కా తీద్దామా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే కదా. చిన్నమావయ్య వెంటనే అందుకున్నాడు. "తీద్దాం అన్నయ్యా. నీకు ఎక్కువ రావాలి. అయితే అది నా వాటాలోంచి తీసుకో. నువ్వు అప్పులు తీరుస్తుంటే నేను చదువుకున్నాను. అక్కల వాటాలోంచి మాత్రం వద్దు." పిన్ని ఏడవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ "నాకొద్దమ్మా ఈ గొడవ, మీరంతా ఒకటిగా ఉంటే నాకదే చాలు" అంటోంది. బిల్డర్ మనిషి మాత్రం పెరుగు లేకుండానే లేచి చెయ్యి కడుక్కుని, మళ్లీ ఫోన్ చేస్తానని వెళ్లిపోయాడు. పాపం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకటే ఆలోచన. ఆడపిల్ల వాటా అడగకూడదని మా ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? ఎంత వెతుక్కున్నా ఒక్క సందర్భం గుర్తురాలేదు. తాతయ్య అనలేదు, అమ్మమ్మ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు! వీధిలో ప్రతి ఇంట్లో అదే జరుగుతుంటే పిల్లలకి నేర్పేదేముంది, గాలిలోనే ఉంటుంది.

మన వీధి చివర మరాఠీ వాళ్లు గుర్తున్నారా? నువ్వు క్రికెట్ బంతి అడగడానికి వెళ్లి ఆవిడ చేతి పూరన్‌పోళీ తినొచ్చేవాడివి. వాళ్లింట్లో పిల్లలు గడప లోపల తెలుగు మాట్లాడితే వాళ్లమ్మ ఒప్పుకునేది కాదు. సాయంత్రం కూర్చోబెట్టి మరాఠీ చదివించేది. మన ఇళ్లల్లో మనకి తెలుగు ఎవరైనా అలా నేర్పారా? బయట అంతా తెలుగే, ఎవరికీ శ్రమ లేదు. అల్బెర్టో బిసిన్, తియెరి వెర్డియె అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2001లో దీన్నే లెక్కలు కట్టి చెప్పారు. తల్లిదండ్రులు పిల్లల మేలు కోరతారు కానీ తమ కళ్లతోనే చూసి కోరతారు, తమలాగే ఉండాలనుకుంటారు. తమ పద్ధతే బయటా ఉంటే ఊరుకుంటారు, ఊరే నేర్పుతుంది. తమది తక్కువమంది పద్ధతి అయితే ఇంట్లో గట్టిగా నేర్పుతారు. చిన్న చిన్న సముదాయాల అలవాట్లు పెద్ద ఊళ్లో కరిగిపోకుండా నిలబడటానికి అది ఒక కారణం అంటారు వాళ్లు.

ఇది పట్టుకుని చూస్తే మా చిన్నమావయ్య అర్థమయ్యాడు. ఆయనకి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి పదేళ్లప్పటి నుంచి బ్యాంకు పాస్‌బుక్ చూపించడం, ఇంటి పన్ను రసీదు చదివించడం, "ఇది నీది కూడా" అని పదే పదే చెప్పడం... మేమంతా చాదస్తం అనుకునేవాళ్లం. ఆయన ఆ పిల్లకి నేర్పుతున్నది వీధిలో దొరకదు మరి, అందుకే నోటితో చెప్పాల్సి వచ్చింది. ఇంకో సంగతి, ఆయన కూడా అంతకుముందు అలా ఉండేవాడు కాదు. మార్చింది ఆ పిల్ల పుట్టుకే. అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఓట్లు పరిశీలించి ఎబోన్యా వాషింగ్టన్ అనే ఆవిడ 2008లో చూపించింది, పిల్లల సంఖ్య సమానంగా ఉన్నా కూతుళ్లు ఎక్కువున్న సభ్యులు ఆడవాళ్ల హక్కుల విషయంలో ఎక్కువ అనుకూలంగా ఓటేశారట. పెద్దవాళ్ల నుంచి పిల్లలకే వస్తుందనుకుంటాం గానీ, పిల్లల నుంచి పెద్దవాళ్లకీ ఎక్కుతుందిరా.

నువ్వు ఇప్పుడు నన్ను అడుగుతావు, తెలుసు. ఉద్యోగం చేసే అమ్మాయినే చేసుకుంటానని ఆ రోజు ట్యాంక్‌బండ్ మీద భీష్మ ప్రతిజ్ఞ ఎందుకు చేశావురా అని. అది కూడా అమ్మ బడి సంచీలోంచి వచ్చిందే. రాకెల్ ఫెర్నాండెజ్ అనే ఆర్థికవేత్త, ఇంకో ఇద్దరు కలిసి 2004లో అమెరికా సమాచారంతో ఇది తేల్చారు. ఉద్యోగం చేసిన తల్లుల కొడుకులకి ఉద్యోగం చేసే భార్యలు ఉండే అవకాశం ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి పోతే ఆడవాళ్లు పనుల్లోకి వచ్చారు, వాళ్ల కొడుకులు పెద్దయ్యాక వాళ్ల భార్యల జీవితాలూ మారాయి. అమ్మ పొద్దున్నే ఏడింటికి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ బస్సుకి పరుగెత్తడం చూస్తూ పెరిగినవాడికి ఇంట్లో ఆడమనిషి బయటికి వెళ్లడం వింతగా ఎలా ఉంటుంది?

"మన ఇంటి ఆచారం అనాదిగా ఇంతే" అంటాడు కదా పెద్దమావయ్య. నేను అమ్మని కూర్చోబెట్టి అడిగాను. అమ్మమ్మ వాళ్లమ్మ పెళ్లికి మగపెళ్లివాళ్లే ఆడపిల్ల తండ్రికి డబ్బిచ్చారట. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం నాటకం ఆడేనాటికి ఉన్న పద్ధతే అది. అమ్మమ్మని సొంత మేనమామకే ఇచ్చారు, ఇచ్చిపుచ్చుకోవడాలు ఏమీ లేవు. పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాలు కూడా ఇల్లు దాటి పోలేదు, ఒకే కుటుంబం కదా. అమ్మ పెళ్లికి వచ్చేసరికి మేనరికం వద్దన్నారు, బయటి సంబంధం చూశారు, కట్నం ఇచ్చారు. అప్పటికి వరకట్న నిషేధ చట్టం వచ్చి చాలా ఏళ్లు, అది 1961 నాటిది. మూడు తరాలు, మూడు పద్ధతులు, డబ్బు నడిచిన దిక్కే తిరగబడింది. ప్రతి తరం తనదే అనాది అనుకుంది! ఇందులో నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ప్రతి పద్ధతీ పుట్టినప్పుడు ఒక ఒప్పందంలా పుడుతుంది. ఆడపిల్ల వాటా వదులుతుంది, అన్నదమ్ములు జన్మంతా చూసుకుంటారు. తరవాత అన్నదమ్ములు డాలస్ వెళ్తారు, న్యూజెర్సీ వెళ్తారు, మేనరికాలు పోతాయి, ఉమ్మడి ఇల్లు నాలుగు ఫ్లాట్లవుతుంది. ఒప్పందంలో సగం రాలిపోతుంది. రెండో సగం మాత్రం ఆచారం పేరుతో అక్కడే ఉంటుంది, ఆడవాళ్ల చేత సంతకాలు పెట్టించుకుంటూ. పెద్దత్తకి జరిగింది అదే. పెద్దమ్మకి జరగలేదు కాబట్టి ఆవిడకి ఇప్పటికీ...

రాస్తుంటే ఫోన్ వచ్చింది. చిన్నమావయ్య. విను, వేడివేడి కబురు. పెద్దమావయ్య తనే వెళ్లి వంశవృక్షం మళ్లీ టైపు చేయించాడట. అయిదు గీతలు! అందరి పేర్లూ, అందరి పిల్లల పేర్లూ, నా పేరు కూడా. అమ్మ రాసిన వరసలోనే పెట్టించాడట. పెద్దత్తతో మాత్రం ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు, మజ్జిగ కావాలన్నా కోడలి ద్వారా కబురు. ఆవిడ కూడా తగ్గలేదు. తెనాలి పొలం కాగితాల నకలు తెప్పించమని మావయ్యనే అడుగుతోందట. ఇన్నాళ్ల తరవాత అందులో చేయగలిగింది ఏమైనా ఉందో లేదో లాయరు చూడాలి. అడిగింది చూడు, అది చాలు నాకు.

తేలనిది ఇంకా చాలా ఉంది. నాలుగు ఫ్లాట్లు, అయిదుగురు మనుషులు. ఒకటి బిల్డర్‌కే అమ్మి డబ్బు సర్దుబాటు చేద్దామని పిన్ని మొగుడు అంటాడు. మావయ్య తీర్చిన అప్పులకి ఎంత ఎక్కువ ఇవ్వాలో ఎవరూ నోరు విప్పి అంకె చెప్పరు. పెద్దమ్మ తన వాటా పెద్దమావయ్యకే రాసిస్తానంటోంది. రాయనీ, అది ఆవిడ ఇష్టం. తన పేరున వచ్చాక ఇవ్వడం వేరు, రాకముందే వదిలేయడం వేరు. అమ్మ ఈ మాటే ఆవిడకి రోజూ ఫోన్లో చెబుతోంది.

నీకు ఇంత వివరంగా రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, అడుగుతాను, కోప్పడకు. మీ గుడివాడ ఇల్లు అమ్మకానికి పెట్టామని రాశావు. అక్క పేరు కాగితాల్లో ఉందా? అక్కని అడిగావా, లేక "అక్క ఏమీ అనదులే" అనుకున్నావా? అనదు. మా అమ్మా అనలేదు, పేర్లు రాసి ఊరుకుంది. నాకూ చెల్లి ఉంది, నాన్న కట్టిన ఇల్లుంది. పోయిన వారమే దాన్ని పిలిచి ఇంటి కాగితాలన్నీ ముందు పెట్టాను. అది నవ్వి "ఇప్పుడెందుకురా అన్నయ్యా" అంది, కానీ ఒక్కొక్కటీ చదివింది. ఆ సాయంత్రం మేమిద్దరం మాట్లాడుకున్నది విడిగా రాస్తాను, అదో పెద్ద కథ, అందులో నీ ప్రస్తావన కూడా...

అయ్యో, అయిదున్నర! చిన్నదాన్ని డ్యాన్స్ క్లాసు నుంచి తీసుకురావాలి, విద్యానగర్‌లో ఈ టైములో ట్రాఫిక్ నీకు తెలియంది కాదు. దార్లోనే ఇది పోస్ట్ డబ్బాలో వేసేస్తాను, లేకపోతే ఇంకో నెల బల్ల మీదే ఉంటుంది. పడగొట్టేది వచ్చే నెలలోనే అంటున్నారు, తేదీ తెలియగానే ఫోన్ చేస్తా, వీలు చేసుకుని రా. అక్కని కూడా తీసుకురా.

నీ
రఘు